పెరుగుతున్న నగరానికి రింగు రోడ్డు: ఎంత దూరంలో, ఎవరి కోసం, ఎన్ని చోట్ల ఎక్కి దిగేలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నగరం వేగంగా పెరుగుతోంది. నాలుగు వైపుల నుంచి వచ్చే హైవేలన్నీ ఊరి నడిబొడ్డులోనే కలుస్తున్నాయి, లారీలూ అక్కడి నుంచే పోవాల్సి వస్తోంది. రింగు రోడ్డు ప్రతిపాదన మీ ప్రణాళిక కమిటీ ముందుకొచ్చింది. ఎంత దూరంలో వేయాలి, ఆరు లేన్లా ఎనిమిదా, వేస్తే లోపల ట్రాఫిక్ నిజంగా తగ్గుతుందా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. రింగు రోడ్డు పదికాలాలపాటు పనికొస్తుందా లేదా అన్నది లేన్ల సంఖ్య కంటే ఎక్కువగా రెండు విషయాలు తేలుస్తాయి: దాని మీదకు ఎన్ని చోట్ల ఎక్కనిచ్చారు, ఆ చోట్ల చుట్టూ ఉన్న భూమిని ఎలా వాడనిచ్చారు. కాబట్టి ఈ రోడ్డు ఎవరి కోసమో తేల్చుకోండి, కావలసిన వెడల్పు భూమిని ఇప్పుడే కేటాయించి పెట్టండి, ఎక్కే దిగే చోట్లు తక్కువగా ఉంచండి, లేన్లు మాత్రం దశలవారీగా వేసుకోండి. ఊళ్లో ట్రాఫిక్ మాటకొస్తే, ఊరితో పని లేకుండా దాటిపోయే వాహనాలు బయటికి మళ్లుతాయి, ఆ మేరకు ఊరట ఉంటుంది. ఊళ్లో మొదలై ఊళ్లోనే ముగిసే ప్రయాణాలకు రింగు రోడ్డుతో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. వాటికి బస్సులు, రైళ్లు, మంచి లోపలి రోడ్లు కావాలి.

నేను చాలాకాలంగా హైవేల అలైన్‌మెంట్ (రోడ్డు ఏ దారిన పోవాలో చూపే గీత), ఇంటర్‌చేంజీల (రెండు రోడ్లు కలిసే చోట ఎక్కే దిగే కట్టడాల) పనిలో ఉన్నాను. ఇక కారణాల్లోకి వెళ్దాం.

దాటిపోయే వాహనాలు ఎన్ని?

కమిటీ మీటింగుల్లో "ఊళ్లోకొచ్చే లారీలన్నీ రింగు మీదకు పోతాయి" అని ధీమాగా అంటుంటారు. సర్వే చేస్తే అలా తేలడం అరుదు. నగరం పెద్దదయ్యే కొద్దీ దాటిపోయే వాహనాల వాటా తగ్గుతూ వస్తుంది, ఎందుకంటే పెద్ద నగరమే చాలా సరుకుకు గమ్యం. చిన్న పట్టణానికి బైపాస్ వేస్తే సగానికి పైగా లారీలు మళ్లినా ఆశ్చర్యం లేదు. పెద్ద నగరంలో అదే లెక్క వేసుకుంటే దెబ్బతింటారు.

అందుకే మొదట చేయాల్సింది ఓడీ (ఆరిజిన్-డెస్టినేషన్) సర్వే. ప్రతి హైవే మీద వాహనాలు ఆపి ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎక్కడికి వెళ్తున్నారు, ఏం సరుకు అని అడగడమే. వినడానికి తేలిగ్గా ఉన్నా ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. పగటిపూట లారీలకు ప్రవేశం లేని నగరంలో పగలు మాత్రమే సర్వే చేస్తే రాత్రి కదిలే సరుకు మొత్తం లెక్కలోకి రాదు. కనీసం ఒక పూర్తి రోజు, రాత్రితో కలిపి చేయించండి. అవకాశముంటే సంత రోజుల్లో ఒకసారి, పంట కోతల కాలంలో ఒకసారి కూడా.

ఆ సర్వేలో మీకు ఇంకో విషయం తెలుస్తుంది. లారీ గమ్యం "నగరం" అని రాసుకుంటాం కానీ నిజానికి అది నగరంలోని ఒక గోదాముల వీధి, ఒక హోల్‌సేల్ మార్కెట్ అయి ఉంటుంది. ఆ గోదాములు లోపలే ఉన్నంతకాలం లారీలు లోపలికి వస్తూనే ఉంటాయి. రింగు, హైవే కలిసే చోట్ల లారీ టెర్మినళ్లకు, గోదాములకు స్థలం చూపించే పని రోడ్డు పనితోపాటే మొదలవ్వాలి. నేను చూసినంతలో ఈ రెండూ వేర్వేరు శాఖల చేతుల్లో ఉండి, రోడ్డు పూర్తయ్యాక కూడా గోదాములు కదలని చోట్లే ఎక్కువ.

ఎంత దూరంలో?

ఇందులో కొంత కేవలం జ్యామితి. కేంద్రం నుంచి 15 కిలోమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం అనుకోండి. చుట్టుకొలత సుమారు 94 కిలోమీటర్లు. ఒక వైపు నుంచి సరిగ్గా ఎదుటి వైపుకి పోవాలంటే ఊరి మధ్య నుంచి 30 కిలోమీటర్లు, రింగు మీద 47. అంటే రింగు దారి సుమారు 57 శాతం ఎక్కువ. లోపల గంటకు 20 కిలోమీటర్ల వేగంతో నెమ్మదిగా కదిలితే గంటన్నర, రింగు మీద 80తో పోతే ముప్పావుగంట లోపే. కాబట్టి దూరం ఎక్కువైనా రింగే లాభం. కానీ రింగు మీద కూడా వేగం 30కి పడిపోయిన రోజున ఈ లాభం పూర్తిగా పోతుంది. ఆ రోజు రాకుండా చూసుకోవడమే ప్రణాళికలో అసలు పని.

ఎదురెదురు హైవేలే అక్కర్లేదు. ఒక హైవే నుంచి పక్క హైవేకి మారే వాహనాల సంగతి చూడండి. రెండింటి మధ్య కోణం దాదాపు 115 డిగ్రీల లోపు ఉంటే, మధ్యలోకి వచ్చి తిరిగి వెళ్లడం కంటే రింగు దారి దూరంలో కూడా దగ్గరే. మీ మ్యాపు మీద హైవేలన్నీ గీసి ఏ రెండింటి మధ్య ఎంత కోణముందో, ఏ జత మధ్య ఎక్కువ వాహనాలు మారుతున్నాయో చూడండి. మొదట ఏ భాగం కట్టాలో అక్కడే తేలిపోతుంది.

వ్యాసార్ధం పెంచితే రింగు పొడవు అదే నిష్పత్తిలో పెరుగుతుంది, లోపల పడే విస్తీర్ణం మాత్రం వర్గంగా పెరుగుతుంది. 10 కిలోమీటర్ల రింగు లోపల సుమారు 314 చదరపు కిలోమీటర్లు, 15 అయితే 707. రెట్టింపు పైనే. అంత భూమి ఒక్కసారిగా "రింగు లోపలి భూమి" అయిపోతే నీళ్లు, మురుగు, బస్సులు అక్కడికి చేర్చడం కార్పొరేషన్‌కి తలకు మించిన పని. మరీ దగ్గరగా వేస్తే పదేళ్లలో ఊరు దాన్ని మింగేస్తుంది. నా అభిప్రాయంలో, నీటి సరఫరా, మురుగు కాలువలు వచ్చే ఇరవై పాతికేళ్లలో నిజంగా ఎక్కడిదాకా చేరగలవో ఆ హద్దుకు కాస్త బయటగా వేయడం మంచిది. ఊహల్లోని జనాభా అంచనాలు చూసి ఇంకా దూరం జరపవద్దు.

బీజింగ్‌లో రెండో రింగు 1992లో పూర్తయింది, ఆరో రింగు 2009లో. మధ్యలో మూడు, నాలుగు, ఐదు. ప్రతి రింగూ దాని ముందటి రింగు నిండిపోతోందనే వేశారు, ప్రతిసారీ నగరం ఇంకాస్త బయటికి జరిగింది. ఒక రింగుకు అనుమతి ఇచ్చేటప్పుడే దాని బయట భూమి సంగతి ఏమిటన్నది రాతలో తేల్చుకోవాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఎక్కే దిగే చోట్లు

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మంచి ఎక్స్‌ప్రెస్‌వేలో ఒక లేన్ గంటకు సుమారు 2,000 కార్లను మోయగలదు. ఒక్కో వైపు మూడు లేన్లుంటే 6,000. ఈ లెక్క వాహనాలు నేరుగా పోతున్నప్పుడు మాత్రమే నిలుస్తుంది. ఎక్కేవాళ్లు ఎడమ నుంచి లోపలికి, దిగేవాళ్లు లోపలి నుంచి ఎడమకి ఒకేచోట దాటుకోవాల్సి వస్తే సామర్థ్యం గభాలున పడిపోతుంది. (కుడి పక్కన నడిపే దేశాల్లో పక్క మారుతుంది, సమస్య అదే.) రెండు ఇంటర్‌చేంజీలు దగ్గరగా ఉంటే ఈ అల్లిక ఆగకుండా సాగుతూనే ఉంటుంది. అందుకే అమెరికా ప్రమాణాల్లో నగరంలో కనీసం ఒక మైలు, పల్లె ప్రాంతంలో రెండు మైళ్లు ఎడం ఉండాలని చెబుతారు. రింగు రోడ్డుకు నేనైతే అంతకంటే ఎక్కువే అడుగుతాను: ప్రధాన హైవేలు కలిసే చోట ఒకటి, అవి మరీ దూరమైతే మధ్యలో ఒకటి, అంతే.

పూర్తి క్లోవర్‌లీఫ్ (నాలుగు మూలలా నాలుగు లూపులతో ఆకు రేకుల్లా ఉండే ఇంటర్‌చేంజీ) పై నుంచి చూడటానికి అందంగా ఉంటుంది, అందుకే బొమ్మల్లో అందరికీ నచ్చుతుంది. కానీ అందులో ఒక లూపు నుంచి ఎక్కేవాళ్లు, పక్క లూపులోకి దిగేవాళ్లు కొద్దిపాటి దూరంలోనే ఒకరినొకరు దాటుకోవాలి. వాహనాలు తక్కువగా ఉన్నంతకాలం బాగానే నడుస్తుంది, రద్దీ పెరిగాక మొదట ఆగిపోయేది అక్కడే. రెండు పెద్ద హైవేలు కలిసే చోట ఎక్కువ వాహనాలు తిరిగే దిక్కులకైనా నేరుగా పోయే ర్యాంపులు (ఒక రోడ్డు నుంచి మరోదానికి ఎక్కే దిగే దారులు) ఇవ్వండి. ఈరోజు డబ్బులేకపోతే భూమైనా వదిలిపెట్టండి.

ర్యాంపు దిగాక ఏమవుతుందో చాలా డీపీఆర్‌లలో (ప్రాజెక్టు సమగ్ర నివేదికల్లో) ఉండదు. రింగు మీద సుఖంగా వచ్చిన వాహనం దిగి పాత హైవే మీద సిగ్నల్ దగ్గర ఆగుతుంది. ఆ క్యూ ర్యాంపు నిండా పేరుకుని, చివరికి రింగు మీద వేగంగా వచ్చే లేన్ దాకా చేరుతుంది. గంటకు 100తో వస్తున్న లారీ ముందు ఆగి ఉన్న కార్ల వరుస ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. కాబట్టి ప్రతి ఇంటర్‌చేంజీకి రెండు వైపులా పాత హైవే కనీసం ఒకటి రెండు కిలోమీటర్ల మేర వెడల్పు చేసే ఖర్చు ఇదే ప్రాజెక్టులో ఉందో లేదో అడగండి. "అది వేరే శాఖది" అని జవాబొస్తే అక్కడే ఆగండి, ఆ శాఖను కూడా టేబుల్ దగ్గరికి పిలవండి.

రోడ్డు తెరిచాక కొత్త ఎగ్జిట్‌ల కోసం ఒత్తిళ్లు మొదలవుతాయి. ఒక కొత్త లేఅవుట్, ఒక పెద్ద మాల్, ఒక కాలేజీ. నేను పనిచేసిన ఒక నగరంలో మొదటి ప్లానులో లేని ర్యాంపులు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఒక్కోదాన్ని విడిగా చూస్తే న్యాయంగానే అనిపించింది, అన్నీ కలిసేసరికి అది మామూలు ఊరి రోడ్డయింది. ఎగ్జిట్‌ల జాబితాను మాస్టర్ ప్లాన్‌లోనే స్థిరపరచండి, మార్చాలంటే మాస్టర్ ప్లాన్‌నే సవరించాల్సి వచ్చేలా రాయించండి. స్థానికుల రాకపోకలకు సర్వీస్ రోడ్లు ఇవ్వండి, కానీ సర్వీస్ రోడ్డు నుంచి మెయిన్ రోడ్డుకి మధ్యలో గండ్లు పెట్టనివ్వవద్దు.

చుట్టూ భూమి

లండన్ చుట్టూ ఉన్న ఎం25 పొడవు 188 కిలోమీటర్లు. 1986 అక్టోబరులో పూర్తయింది, కొద్ది కాలానికే రద్దీకి పేరుపడింది. ఎక్కువ భాగం ఒక్కో వైపు మూడు లేన్లతో కట్టారు, తర్వాత చాలాచోట్ల నాలుగు చేశారు, హీత్రో విమానాశ్రయం దగ్గర ఒక్కో వైపు ఆరు దాకా వెళ్లింది. లండన్‌కి మొదట అనుకున్నది ఒకదాని లోపల ఒకటిగా నాలుగు రింగులు. ఇళ్లు కూలిపోతాయని జనం తిరగబడటంతో లోపలి రింగులను 1973లో వదిలేశారు. ఎం25 అన్నది బయటి రెండు రింగుల ముక్కలను కలిపి కట్టినది. అంటే నాలుగు పంచుకోవాల్సిన బరువులో చాలా భాగం దాని మీదే పడింది.

వాషింగ్టన్ చుట్టూ 103 కిలోమీటర్ల బెల్ట్‌వే 1964లో పూర్తయింది. దాటిపోయే వాహనాలకు బైపాస్‌గా వేశారు. దాని పక్కనున్న టైసన్స్ కార్నర్ 1950లలో ఒక పల్లెటూరి కూడలి. తర్వాత అది అమెరికాలోనే పేరున్న ఆఫీసులు, మాళ్ల కేంద్రమైంది. బైపాస్ క్రమంగా శివార్ల మెయిన్ రోడ్డయింది. మాస్కో రింగు రోడ్డు 1962లో పూర్తయ్యేసరికి ఒక్కో వైపు రెండే లేన్లు, పొడవు సుమారు 109 కిలోమీటర్లు. 1990లలో ఒక్కో వైపు ఐదు చేశారు. పక్కనే పెద్ద పెద్ద దుకాణ సముదాయాలు వచ్చాయి, మళ్లీ నిండిపోయింది.

ఇందులో వింతేమీ లేదు. ఆంథొనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త 1962లోనే రాశాడు, నగర ఎక్స్‌ప్రెస్‌వేల మీద రద్దీ వేళల్లో వాహనాలు సామర్థ్యం నిండేదాకా పెరుగుతాయని. 2011లో డ్యురాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు అమెరికా నగరాల లెక్కలు తీసి, అంతర్రాష్ట్ర హైవేల లేన్ల మొత్తం పొడవు ఎంత శాతం పెరిగితే వాటి మీద తిరిగే కిలోమీటర్లు కూడా దాదాపు అంతే శాతం పెరిగాయని చూపించారు. దీన్నిబట్టి రోడ్డే వేయొద్దని నేననను. కొత్తగా వచ్చే సామర్థ్యాన్ని దేనికి వాడాలో ముందే రాసుకోకపోతే అది దానంతటదే నిండిపోతుంది. పక్కన వచ్చే నిర్మాణాల్లో ఏవి ఉండొచ్చు, ఏవి ఉండకూడదు, ఇంటర్‌చేంజీకి ఎంత దూరం దాకా మాల్‌కి అనుమతి లేదు అన్న నియమాలు, వీలైతే లారీలకు ప్రత్యేక లేన్లు, రద్దీ వేళ ఎక్కువ టోల్. ఇవన్నీ రోడ్డు తెరవకముందే ఉండాలి. ఒకసారి జనం అక్కడ ఇళ్లు, ఉద్యోగాలు ఏర్పరచుకున్నాక టోల్ పెంచడం కష్టం, అది న్యాయం కూడా కాదు.

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు, ప్రవేశాలు పరిమితం, రెండు పక్కలా సర్వీస్ రోడ్లకు చోటు. మెయిన్ రోడ్డునూ స్థానిక రాకపోకలనూ మొదటి నుంచీ విడదీయడం దాని రూపంలో మెచ్చుకోవాల్సిన విషయం.

వెడల్పు మాట. ఎనిమిది లేన్లకు 28 మీటర్లు, మీడియన్ (రెండు వైపుల లేన్ల మధ్య వదిలే పట్టీ), అంచులు, కట్ట వాలు, డ్రెయిన్లు, రెండు సర్వీస్ రోడ్లు, పైపులు కేబుళ్లకు చోటు. ఇవన్నీ కూడితే 90 నుంచి 100 మీటర్లు సులువుగా అవుతుంది. అంటే కిలోమీటరుకు దాదాపు 10 హెక్టార్లు. ఇంటర్‌చేంజీలకు అదనం. భూసేకరణ ఒక్కసారే పూర్తి వెడల్పుకి చేయండి. ఇప్పుడు సగం, తర్వాత సగం అంటే ఆ తర్వాతి సగంలో ఇళ్లు వచ్చేస్తాయి.

అలైన్‌మెంట్‌ని ఊగిసలాడనివ్వడం అన్నిటికంటే పెద్ద అన్యాయం. మూడు గీతలు పత్రికల్లో వస్తే మూడు గీతల కింద ఉన్న రైతులందరూ అమ్ముకోలేక, బావి తవ్వుకోలేక, పిల్ల పెళ్లికి అప్పు పుట్టక ఏళ్ల తరబడి టెన్షన్‌తో గడుపుతారు. ప్రత్యామ్నాయాలను త్వరగా చర్చించండి, అందరి ముందూ చర్చించండి, ఒకటి ఖాయం చేసి సర్వే నంబర్లతో ప్రకటించండి. పొలం రెండు ముక్కలయ్యే వాళ్ల విషయంలో పోయిన భూమికి పరిహారం సరిపోదు. మిగిలిన ముక్కకు దారి, నీళ్లు కావాలి. అండర్‌పాస్ పెట్టేటప్పుడు ఆ ఊళ్లో వాడే ఎత్తైన వాహనం ఏదో అడిగి, దాని మీద లోడు కొలిపించండి. కారు పడితే చాలనుకుని కట్టిన అండర్‌పాస్ ముందు గడ్డి లోడు ట్రాక్టర్ ఆగిపోవడం నేను చూశాను.

నీళ్లు

మీ ప్రశ్నలో ఇది లేదు, కానీ చెప్పకుండా ఉండలేను. రింగు రోడ్డు అంటే నగరం చుట్టూ మూసేసిన కట్ట. ఊరి వాలు ఎటున్నా ఆ కట్ట ప్రతి వాగునూ ఎక్కడో ఒకచోట అడ్డుకుంటుంది. వాలు బయటికి ఉంటే వాన నీళ్లు రింగు లోపల నిలుస్తాయి. లోపలికి ఉంటే బయటి పొలాలు మునుగుతాయి.

వాగుల దగ్గర వంతెనలు ఎలాగూ వేస్తారు. ఇబ్బందంతా వాగు కానిచోట. చదునైన నేల మీద పెద్ద వానకు నీళ్లు పలచగా పరుచుకుని పోతాయి. ఐదు మీటర్ల ఎత్తుకో గీత గీసిన కాంటూరు మ్యాపులో అది అసలు కనిపించదు. అర మీటరు కాంటూర్లు అడగండి, వానలు తగ్గిన వారంలో అలైన్‌మెంట్ వెంట నడవండి. కంచెకు ఏ ఎత్తున చెత్త చిక్కుకుందో, తుప్పలు ఎటు ఒరిగాయో, చెట్టు మొదలుకు బురద గీత ఎక్కడిదాకా ఉందో చూడండి. ఒకచోట మ్యాపులో పొడి నేలగా చూపించిన ప్రాంతంలో ఒక పెద్దాయన తన పశువుల కొట్టం గోడ మీద ఛాతీ ఎత్తున ఉన్న పాత మట్టి గీతను చూపించాడు. ఆ మాట పట్టుకుని మళ్లీ లెవెల్స్ తీయిస్తే నిజమేనని తేలింది. కట్ట వేయాల్సిన ఆ భాగాన్ని స్తంభాల మీద వంతెనగా మార్చాం. ఖర్చు పెరిగింది, అయినా వేరే మార్గం లేదు.

కల్వర్టుల లెక్క ఇవాళ్టి పొలాలకు వేయవద్దు. పొలం వాన నీటిలో చాలా భాగం ఇంకించుకుంటుంది. రేపు అదే చోట కాంక్రీటు, డాబాలు వస్తే ఎక్కువ నీరు, తక్కువ సమయంలో కల్వర్టు దగ్గరికి చేరుతుంది. రింగు వచ్చాక లోపలి భూమి ఇళ్లతో నిండుతుందని మనమే ట్రాఫిక్ రిపోర్టులో రాస్తాం. అదే అంకె డ్రైనేజీ రిపోర్టులో కూడా ఉండాలి. మీ కన్సల్టెంట్‌ని రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టమనండి. తేడా ఉంటే నీళ్ల లెక్క మళ్లీ వేయించండి.

లేన్లు, దశలు

ఆరా ఎనిమిదా అన్నదానికి నా జవాబు: ఎనిమిదికి భూమి, వంతెనల పునాదులు, అండర్‌పాస్‌ల పొడవు సిద్ధం చేసి, మొదట నాలుగో ఆరో వేయండి. మధ్యలో మీడియన్ వెడల్పుగా వదిలితే విస్తరణ లోపలి వైపుకే జరుగుతుంది, ఎవరి గోడా ముట్టుకోనక్కర్లేదు. అదే చోట రైలు వేద్దామనే ఆలోచన వస్తుంటుంది. నాకు దాని మీద అంత మోజు లేదు. వేగంగా పోయే రోడ్డు మధ్యలో స్టేషన్ ఉంటే నడిచి వచ్చేవాళ్లకు దూరం, చప్పుడు, దుమ్ము. రైలు జనం ఉన్నచోటికి పోవాలి.

దశల్లో ఒక జాగ్రత్త. సగం కట్టిన రింగు ఎక్కడ ఆగుతుందో ఆ జంక్షన్ నలిగిపోతుంది, ఎందుకంటే రింగు మోయాల్సిన వాహనాలన్నీ అక్కడ దిగుతాయి. ప్రతి దశా ఒక పెద్ద హైవే దగ్గర మొదలై మరో పెద్ద హైవే దగ్గరే ముగియాలి, మధ్యలో ఏ జిల్లా రోడ్డు మీదో కాదు.

నది దాటే చోటును మొదటి నుంచీ ప్రత్యేకంగా చూడండి. ఎం25 వెంట థేమ్స్ నదిని దాటే డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్‌లో ఉత్తరానికి పోయే వాహనాలు 1963, 1980లలో తెరిచిన సొరంగాల గుండా, దక్షిణానికి పోయేవి 1991లో తెరిచిన వంతెన మీదుగా వెళ్తాయి. ప్రమాదకర సరుకు లారీలను సొరంగంలోంచి పంపేటప్పుడు వెనక వాహనాలను ఆపాల్సి వస్తుంది. మొత్తం రింగు ఎంత వెడల్పున్నా ఆ వైపు రద్దీని నిర్ణయించేది ఆ ఒక్క చోటే. మీ రింగుకు నది అడ్డం ఉంటే వంతెనను మొదటి రోజే పూర్తి లేన్లతో కట్టండి. రోడ్డును తర్వాత వెడల్పు చేయొచ్చు, వంతెన పక్కన వంతెన వేయడం చాలా ఖరీదు.

వచ్చే మీటింగుకు కన్సల్టెంట్ దగ్గర అడగాల్సినవి: రాత్రితో కలిపి చేసిన ఓడీ సర్వే ఫలితాలు (హైవే జతల వారీగా), ప్రతి ఇంటర్‌చేంజీ దగ్గర పాత హైవే సామర్థ్యం లెక్క, అర మీటరు కాంటూర్ల మీద గీసిన అలైన్‌మెంట్. ఈ మూడూ లేకుండా లేన్ల చర్చకు ఒప్పుకోవద్దు. మీ హైవేల మ్యాపు, వాగుల మ్యాపు ఇక్కడ పెట్టగలిగితే ఏ భాగం ముందు కట్టాలో, ఎక్కడ మట్టికట్ట వేయకూడదో నాకు తోచింది చెబుతాను.